మూడు షిల్లింగులు బాకీ

ముందు చెవిని పంటితో తాకి చూస్తాను.
అసలు మెరుగైతే టిక్కుమంటుంది, పన్ను జివ్వుమంటుంది.
అతుకైతే మెత్తగా, పాత మైనంలా, మాట దాటేస్తుంది.
భూతద్దాలూ నీలి దీపాలూ ఆ తరవాతే.
నలభై ఏళ్ళుగా లాంగ్టన్‌లో పింగాణీ గుర్రాలకి
చెవులూ గిట్టలూ తోకలూ అతుకుతున్నాను.
పై వరసలో నావి రెండే మిగిలాయి.
ఆ రెంటికీ ఇంతవరకు ఏ గుర్రమూ అబద్ధం చెప్పలేదు.

ప్రొథెరో వేల్స్ నుంచి వచ్చాడు, మూడు బస్సులు మారి.
ఒళ్ళో బూట్ల పెట్టె, పెట్టెలో ఉన్ని మేజోళ్ళు,
మేజోళ్ళలో గుర్రం.
పసిబిడ్డని ఎత్తినట్టు మెడ కింద చెయ్యి వేసి తీశాడు.
"ఈ రంగువి ప్రపంచం మొత్తమ్మీద ఏడే"
అన్నాడు గొంతు తగ్గించి,
గోడవతల మిగతా ఆరూ వింటున్నట్టు.

పొగ నీలం. వాన వెలిశాక కప్పుమీది పలక రంగు.
మూపు దగ్గర కాస్త ఊదా తిరిగి
జూలు కింద చిక్కబడింది.
ఎడమ చెవి కొన లేదు.

నేను చెవి చూడలేదు.
తిరగేసి కడుపు చూశాను.
వెనక కాళ్ళ సందున గోరంత గీత, పక్కన ఒక చుక్క.

నాదే.

అప్పుడు నాకు పందొమ్మిది.
పొడుగాటి బల్లకి అటూ ఇటూ ముప్పై మందిమి,
అందరి చేతుల్లోనూ ఉడత వెంట్రుకల కుంచెలు.
డజనుకింత అని కూలి,
అదీ బట్టీలోంచి సరుకు సలక్షణంగా బయటికొస్తేనే.
ఆ శుక్రవారం మా ఈనిడ్‌కి నొప్పులొచ్చాయని కబురు.
గోధుమరంగు సీసా అనుకుని పక్కదాంట్లో ముంచాను.
కాల్చకముందు రంగులన్నీ బూడిదే,
తేడా నిప్పుకే తెలుస్తుంది.

సోమవారం బట్టీ తెరిస్తే
పన్నెండుకి పన్నెండూ పొగ నీలం.
"ఇలాంటి గుర్రాన్ని దేవుడైనా చేశాడా, హిల్డా?"
అన్నాడు మేస్త్రీ టామ్స్.
పధ్నాలుగు షిల్లింగులు కోసి కవరు చేతిలో పెట్టాడు.
గడ్డి అడగవు, దాణా అడగవు,
నా జీతం మేశాయి.
ఈనిడ్ బిడ్డకి కొనాలనుకున్న టోపీ
పాత స్వెట్టరు విప్పి అల్లాను.

ఐదింటిని పెంకుల దిబ్బ మీదకి విసిరారు.
ఏడు, సంత రోజున తోపుడు బండి మీద
వంకర సాసర్లతో కలిసి అమ్ముడుపోయాయి.

ఇదంతా విన్నాక
ఇంకొకడైతే కాగితం మీద రాసి సంతకం పెట్టమనేవాడు.
ప్రొథెరో చాలాసేపు మేజోళ్ళు మడతపెట్టాడు.
ఆ రంగు ఏ ప్రభువు కోసమో ప్రత్యేకంగా కాల్చిందని
ఇరవై ఏళ్ళుగా నమ్మాడట.
తరవాత తలెత్తి,
"టోపీ సరిపోయిందా?" అన్నాడు.
పెద్దదైంది, అన్నాను.
ముక్కు దాకా దిగిపోయేది.

చెవికి పదకొండు రోజులు పట్టింది.
నీలంలో నలుపు, నలుపులో కాస్త ఊదా,
తుడిచి, మళ్ళీ కలిపి, మళ్ళీ తుడిచి.
పొరపాటుని కావాలని చెయ్యడం
ఇంత కష్టమని తెలీదు.
చివరికి ఒక్క పిసరు తేడా ఉండిపోయింది,
పన్ను అక్కర్లేదు, కంటికే కనిపిస్తుంది.
ఉండనీండి, అన్నాడు.

కూలెంతంటే నవ్వులాటకి
పధ్నాలుగు షిల్లింగులన్నాను.
ఆ డబ్బు చెల్లడం మానేసి యాభై ఏళ్ళు దాటింది.

మార్చిలో మళ్ళీ వచ్చాడు, మూడు బస్సులూ మారి.
అగ్గిపెట్టెలో, దూదిలో, పదకొండు.
ఏవి పడితే అవి కావట,
అన్నీ ఆ యేడు అచ్చైనవే.
మిగతా మూడూ వెతుకుతున్నాడట.
ఎక్కడో ఓ ముసలాయన దగ్గర రెండున్నాయి గాని
బాగా అరిగిపోయాయి, అవి వద్దన్నాడట.

తొందరేం లేదన్నాను.
ఒకటి తీసి, అలవాటు కొద్దీ,
పంటికి తాకించాను.